ముందు తాత, వెనక నేను

పాదాల్లో మొదలైన తిమ్మిరి పూటపూటకూ పైకి ఎక్కుతుంటే, అలసట అనుకుని కూర్చోకండి. నేను అలాగే అనుకున్నాను. కరీంనగర్ డిపోలో బస్సు కండక్టర్‌ని, రోజంతా నిలబడే ఉద్యోగం, కాళ్లు లాగకపోతేనే వింత. మా ఆయన సంపత్ చేత నువ్వుల నూనె రాయించుకున్నాను. ఉప్పు నీళ్లలో పాదాలు పెట్టుకున్నాను. పక్కింటావిడ చెప్పిందని మునగాకు కూర కూడా తిన్నాను. అదంతా వృథాగా పోయిన కాలం. ఇది చదివిన ఒక్కరైనా నాకంటే ముందే ఆస్పత్రికి పరుగెత్తితే, రాసిన కష్టం దక్కినట్టే.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నా జబ్బు గురించి రాద్దామనే కూర్చున్నాను కానీ, ప్రతి పేజీలోకీ మా తాత జొరబడుతున్నాడు. ఆపడం నా వల్ల కావడం లేదు. బతికున్నప్పుడు కూడా ఆయన్ని ఆపగలిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆయన మా అవ్వకు, అంటే మా అమ్మకు, తండ్రి. పేరు ఓదెలు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో సపోర్ట్ పని చేసేవాడు. ఆ పనేమిటో కొంచెం చెప్పాలి. మందు పెట్టి పేల్చి బొగ్గు రాల్చాక, అక్కడ పైకప్పుకు ఏ ఆధారమూ ఉండదు. బొగ్గు ఎత్తేవాళ్లంతా వెనక ఆగుతారు. సపోర్ట్ మనిషి ముందు లోపలికి పోయి, చేతిలో కట్టెతో కప్పును తట్టి వింటాడు. గట్టిగా ఖంగుమంటే మంచిది. డొల్ల శబ్దం వస్తే రాయి వదులైందన్నమాట. వదులు రాయిని దించి, కింద దుంగ నిలబెట్టి బిగించాక, వెనక్కి తిరిగి కేకేస్తాడు: "మంచిగున్నది, రాండ్రి." అప్పుడే మిగతావాళ్లు కదులుతారు. మా తాత ముప్పయ్యేళ్లకు పైగా అందరికంటే ముందు ఆ కప్పు కింద నిలబడ్డాడు. ఇది రాస్తుంటే కూడా నాకు గర్వంగానే ఉంది.

రిటైరైనా ఆ అలవాటు పోలేదు. కట్టె ఎప్పుడూ చేతిలోనే. గృహప్రవేశానికి పిలిస్తే భోజనానికి కూర్చునే ముందు ఆ ఇంటి గోడలు తట్టి చూసేవాడు. ఇంటివాళ్ల మొహాలు మాడిపోయేవి. మమ్మల్ని, అంటే కాలనీ పిల్లలందరినీ, కుంటాల జలపాతానికి తీసుకుపోతే, వాగులో నడుముల్లోతు దాకా తానే ముందు దిగి, అడుగున రాళ్లు తడిమి చూసి పిలిచేవాడు. రిటైరైన ఏడాది, మా కాలనీలో సముద్రం చూడని ఆడవాళ్లను తన ఖర్చుతో రైలెక్కించి విశాఖ తీసుకుపోయాడు. అందులో బాయిలో మొగుళ్లను పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. సముద్రం ఆయనా చూడలేదు. అయినా ధోవతి పైకి కట్టి ముందు తానే దిగాడు. మొదటి అలకే బోర్లా పడ్డాడు, కట్టె నీళ్లలో కొట్టుకుపోయింది. లేచి, ఉప్పు నీళ్లు ఉమ్ముతూనే వెనక్కి తిరిగి, "మంచిగున్నది, రాండ్రి" అన్నాడట. మా అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ ఈ సంగతి చెప్పి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

సెప్టెంబర్

ఆ రోజు ఖానాపూర్ ట్రిప్పు. బస్టాండులో జనం ఎక్కాక, ఎప్పటిలాగే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టబోయాను. కాలు లేవలేదు. నేను లెమ్మన్నాను, అది లేవలేదు, అంతే. కడ్డీ పట్టుకుని ఎలాగో ఎక్కి, సాయంత్రం దాకా సీటుకు ఆనుకుని టిక్కెట్లు కొట్టాను. తెల్లారేసరికి మోకాళ్లు వంగిపోయాయి. మరునాటికి దువ్వెన పట్టుకోవడం కూడా చేత కాలేదు.

కరీంనగర్‌లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. జీబీఎస్ అంటారట. ఒంటికి కాపలా కాసేదే తిరగబడి సొంత నరాలను కొరుకుతుందని డాక్టరమ్మ చెప్పింది. "నరాలు మళ్లీ వస్తాయమ్మా. ఎప్పుడు, ఎంతవరకు అన్నది మాత్రం ఇప్పుడు చెప్పలేను" అంది. ఆ మాటలో 'వస్తాయి' అన్నది మా అవ్వ పట్టుకుంది. 'చెప్పలేను' అన్నది సంపత్ పట్టుకున్నాడు. ఇద్దరికీ అక్కడే చెడింది.

"హైదరాబాద్ తీస్కపోదాం అత్తా. ఈడ ఉంటె మనిషి దక్కదు" అన్నాడు సంపత్.

"దారిల ఊపిరి అందకపోతె ఎవలు జిమ్మేదారి? ఇన్నొద్దులు నూనె రాసుకుంట కూసున్నప్పుడు యాడ వోయింది నీ హైదరాబాద్?" అంది అవ్వ.

ఇదంతా నా మంచం పక్కనే నిలబడి. నాకు వినబడుతోంది, నోరు తెరవడానికి మాత్రం ఓపిక లేదు. జబ్బు మనిషి ముందు పోట్లాడుకోకండి అని కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను. చెవులకు ఏ జబ్బూ రాదు.

ఆ రాత్రి తిమ్మిరి గొంతు దాకా వచ్చింది. మింగుడు పడలేదు, గాలి చాలలేదు. నన్ను ఐసీయూకి మార్చి, గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషన్‌కు తగిలించారు. ఆ తరువాత నాకు మిగిలినవి రెండు కళ్లు, వాటిని మూసి తెరవడం.

భయం గురించి ఒక్కసారే చెప్తాను. చచ్చిపోతానన్న భయం కంటే ఇలాగే ఉండిపోతానన్న భయం పెద్దది. ముక్కు మీద దోమ వాలితే అది తనంతట తాను లేచేదాకా చూస్తూ ఉండాలి. కరెంటు పోతే ఈ మిషన్ ఆగుతుందేమోనని, ప్రతిసారీ దాని చప్పుడు వినడమే నా పని. గాలిని అది లోపలికి తోస్తుంటే నా ఛాతీ వేరేవాళ్లదిలా లేచి పడేది.

మూడో రోజో నాలుగో రోజో, కళ్లు తెరిస్తే తాత. తలకు ఆస్పత్రి టోపీ, ఒంటికి పచ్చ గౌను, చేతిలో కట్టె. కట్టె లోపలికి తేవద్దని సిస్టర్ గుమ్మంలో ఎంత చెప్పినా వినలేదట. మంచం చుట్టూ ఒకసారి తిరిగి, మంచం కోడు తట్టాడు, గోడ తట్టాడు, మిషన్ తట్టబోతుంటే సిస్టర్ చెయ్యి పట్టుకుంది. అప్పుడు వంగి నా మొహంలోకి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో మాత్రం లేవు.

"గీ మిషన్ జూసి బుగులు వడుతున్నవా?" అన్నాడు.

కళ్లు ఒకసారి మూశాను.

"పిచ్చిదానా. బాయిల మాకు గాలి యాడికెల్లి వచ్చేటిదనుకున్నవ్? పైన ఫ్యాను తిరుగుతెనే కింద మాకు గాలి. ముప్పై ఏండ్లు మిషన్ గాలే పీల్చిన. నాకేమన్నైందా? ఫికర్ జెయ్యకు. గాలి దాని పని, నిదుర వోవుడు నీ పని."

ఆ రోజు చాలాసేపు నిద్రపోయాను. మిషన్ చప్పుడు అదే, గది అదే. నేను దాని కోసం కాపలా కాయడం మానేశాను, అంతే తేడా.

పోయేముందు ఇంకో మాట అన్నాడు. "అన్ని తావుల్ల ముందుగాల నేను పోయిన. గీ బాయిల నువ్వు దిగినవ్ నాకంటె ముందు. లోపల ఎట్లున్నదో నాకెర్కలేదు బిడ్డా. నువ్వే తట్టి సూసుకోవాలె."

అక్టోబర్

ఐసీయూ బయట హాల్లో ఏం జరిగిందో అవ్వ చెప్పగా విన్నది. పేషెంట్ల మనుషులంతా పగలూ రాత్రీ ఆ హాల్లోనే. ఎవరి చాపలు వాళ్లవి, ఎవరి ఏడుపులు వాళ్లవి, ఎవరూ ఎవరితో మాట్లాడరు. తాత వచ్చిన మరునాడు పొద్దున కుర్చీ ఎక్కి కట్టెతో పైకప్పు తట్టాడు. డొల్ల. ఇంకోచోట తట్టాడు. అక్కడా డొల్ల. ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టి, కుర్చీ దిగి గట్టిగా చెప్పాడు:

"మంచిగ లేదు. కప్పు మొత్తం వదులైంది. అందరు లేసి గోడలకు జరుగుండ్రి."

ఆయన చెప్పే తీరులో ఏముందో గానీ, అందరూ లేచారు. చాపలు, టిఫిన్లు, సంచులు అన్నీ గోడల దగ్గరికి చేరాయి. జమ్మికుంట నుంచి వచ్చిన జుబేదా అనే ఆవిడ, భర్తకు బాగోలేక వారంగా అక్కడే ఉంది, తన చాపతో పాటు పక్కన నిద్రపోతున్న ముసలమ్మను కూడా లాక్కుపోయింది. సంపత్ అయితే నెత్తి మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడట. గోల విని సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని, కుర్చీ ఎక్కి, పైన ఒక పలకను చేత్తో లేపి చూపించాడు.

"తాతా, ఇది ఫాల్స్ సీలింగ్. అట్టముక్క. అసలు స్లాబ్ దీని పైన ఉంటది."

తాత తలెత్తి ఆ కన్నంలోకి చాలాసేపు చూశాడట. "కప్పు కింద ఇంకో కప్పా? గట్ల ఎందుకు వెట్టుకుంటరు?" అన్నాడు.

"సోకుకు తాతా."

"సోకుకు నా పానం దీసిండ్రు కదరా" అన్నాడు తాత.

ముందు జుబేదా నవ్వింది. తరువాత ముసలమ్మ, తరువాత హాలు మొత్తం. సంపత్ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడని అవ్వ చెప్పింది. నాకు జబ్బు చేసినప్పటి నుంచి అతను ఏడవడం అదే మొదలు. అవ్వ వెళ్లి అతని వీపు నిమిరింది. హైదరాబాద్ మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

విచిత్రం ఏమిటంటే, కప్పు గట్టిదే అని తేలాక కూడా ఎవరూ పాత చోట్లకు పోలేదు. గోడ వెంట అలాగే దగ్గర దగ్గరగా ఉండిపోయారు. ఒకరి ఫ్లాస్కులో ఛాయ్ ఇంకొకరికి పోయేది. తాత తన దుప్పటి మొదటి రోజే ఎవరికో ఇచ్చేశాడు. అవ్వ ఇంకొకటి కొంటే అది కూడా ఇచ్చేశాడు. క్యాంటీన్ ఇడ్లీ ముందు తాను తిని చూసి, "మంచిగున్నది, తినుండ్రి" అనో, "జర చూసుకోండ్రి, నిన్నటియి" అనో చెప్పేవాడు. జుబేదా భర్త కోలుకుని ఇంటికి పోయే రోజు, ఆమె ఐసీయూ గుమ్మంలో నిలబడి నాకు చెయ్యూపింది. నేను కళ్లు మూసి తెరిచాను. ఆ వారమే గొట్టం తీశారు. గొంతులోంచి వచ్చిన మొదటి మాట 'నీళ్లు'. గొప్ప మాటేదైనా వచ్చి ఉంటే బాగుండేది, రాలేదు.

నవంబర్, డిసెంబర్

వార్డుకు మార్చాక అసలు కష్టం మొదలైంది. ఐసీయూలో ఏమీ చేయలేను కాబట్టి ఎవరూ ఏమీ చేయమనలేదు. ఇక్కడ ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వచ్చి కాళ్లు ఎత్తమనేది. చేతులు కొంచెం తిరిగాయి, మెడ నిలిచింది, కాళ్లు మాత్రం కదలనంటే కదలనన్నాయి. ఒక పూట నేను మొహం గోడకు తిప్పుకుని, "ఇగ వద్దు. నాతోని గాదు" అన్నాను. ఆ అమ్మాయి పోయింది. అవ్వ ఏడుస్తూ కూర్చుంది. తాత కుర్చీ నా మొహం ఉన్న వైపుకు జరుపుకున్నాడు.

"నాకు కొడుకులు లేరు. ఎరికేనా?" అన్నాడు.

"ఎరికే" అన్నాను.

"నేను పోయిన్నాడు నిప్పుకుండ వట్టి నా ముందట ఎవలు నడువాలె?"

అవ్వ కళ్లు తుడుచుకుని కస్సుమంది. "దవఖానల గీ ముచ్చట్లేంది బాపూ? నీకు సోయి ఉన్నదా?"

"నువ్వు ఊకో. నేను దాన్ని అడుగుతున్న." మళ్లీ నా వైపు తిరిగాడు. "మా అన్న కొడుకు రాజయ్య ఉన్నడు. వాడు నాలుగడుగులేసి బీడీ ముట్టిస్తడు. వాని ఎనుక నేను పోను. నువ్వు నడువాలె. పరుగెత్తుమంటలేను. మెల్లగ నడువు, నాకు తొందర లేదు. ఎనుక పండుకోనే ఉంట కదా."

నాకు ఒళ్లు మండింది. నేను పక్క మీదే ఒంటికీ రెంటికీ పోతుంటే ఈయనకు తన చావు ఊరేగింపు కావాలి. కానీ పొద్దున ఆ అమ్మాయి వచ్చినప్పుడు కాలు ఎత్తబోయాను. లేవలేదు. మడమ పరుపు మీద కొంచెం జరిగింది. తాత గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. కట్టెతో నేల మీద ఒకసారి తట్టాడు.

ఫిబ్రవరి నుంచి

సంపత్ పనికి పోవాలి, కరీంనగర్‌లో మా గది మేడ మీద. అందుకని నన్ను బెల్లంపల్లికి, తాత ఇంటికి తెచ్చారు. వాకర్ పట్టుకుని నిలబడగలుగుతున్నాను. ఎడమ పాదం వేలాడుతూ, నేలకు తగిలి టపటపమనేది, ఇప్పటికీ అంటుంది.

రోజూ పొద్దున కాలనీ రోడ్డు మీద నడక. తాత నాకు నాలుగడుగుల ముందు. కట్టెతో నేల తట్టి, వెనక్కి తిరిగి, "మంచిగున్నది, రా." ఇంకో నాలుగడుగులు. మళ్లీ తట్టి, మళ్లీ, "మంచిగున్నది, రా." తారు రోడ్డు బాగుండక ఏమవుతుంది? అరుగుల మీద కూర్చున్న రిటైర్డు ముసలాళ్లు ఛాయ్ గ్లాసులు పట్టుకుని సినిమా చూసినట్టు చూసేవారు. వాళ్లలో చాలామంది బాయిలో అదే కేక విని కదిలినవాళ్లే. నాకు ఎంత సిగ్గుగా ఉండేదో. బస్సు నిండా జనాన్ని ఒక్క అరుపుతో సర్దే మనిషిని, గల్లీ దాటడానికి గంట పడుతోంది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు పడ్డాను. మోచేయి చీరుకుంది. నొప్పి కంటే కోపం ఎక్కువైంది. కూర్చున్న చోటి నుంచే తాత మీద అరిచాను.

"నా ముందట నడువకు. నువ్వు టకటక నడుస్తుంటె నా కాళ్ల మీద నాకే అసయ్యమైతున్నది. నడిస్తె ఎనుక నడువు."

తాత నా పక్కన రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

"ఎనుక నడుసుడు నాకు రాదు బిడ్డా" అన్నాడు. "ముందటోడు వడ్తె ఎనుకోడు సూస్కుంట ఉండాలె. బాయిల ఇద్దరిని గట్ల సూసిన. ఆ రోజు ముందట నేను లేను, జొరమొచ్చి ఎనుక వడ్డ. నాకు బదులు వాళ్లు లోపలికి వోయిండ్రు, కప్పు మీద వడ్డది. అప్పటికెల్లి ఎవ్వల ఎనుక నడువలే."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అవ్వకు కూడా తెలియదట. సముద్రం చూడటానికి పోయిన ఆడవాళ్లలో ఇద్దరు ఎవరో నాకు అప్పుడు తెలిసింది. మా తాతను నేను మహా సాహసి అనుకుంటూ పెరిగాను. ఆ రోజు రోడ్డు మీద కూర్చుని, ఆ సాహసం దేని నుంచి పుట్టిందో తెలుసుకుని, ఆయన్ని ఇంకా ఎక్కువ ప్రేమించాను.

"సరే, లే. ముందట్నే నడువు" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకునే లేచాను.

వానాకాలానికి వాకర్ పోయింది. దసరాకు డిపోకు వెళ్లాను. ఫుట్‌బోర్డు ఇక వద్దని, ఆఫీసులో కూర్చునే డ్యూటీ ఇచ్చారు. మొదటి రోజు తాత నాతో వచ్చి నా బల్ల తట్టి, కుర్చీ తట్టి, మేనేజరు గారి తల మీద కప్పు కూడా తట్టి, "గిదన్న అసలుదేనా?" అని అడిగి మరీ పోయాడు.

పుష్యమాసం

ఎనభై దాటాక కూడా ఆయన నాగోబా జాతర తప్పించలేదు. ఆ ఏడు కేస్లాపూర్‌కు ఏదో వ్యాను వెనక కూర్చుని పోయాడు. మూడు రోజులు చలిలో పడుకుని, ఒంటి మీది స్వెట్టర్ ఎవరికో ఇచ్చేసి, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాడు. స్నానం చేసి, జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, అవ్వకు జాతర కబుర్లు చెప్పి, మంచం ఎండలోకి లాక్కుని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. కబురు అందగానే నేనూ సంపత్ కరీంనగర్ నుంచి బయల్దేరాం. దారంతా నేను ఏడ్వలేదు. నా ఎడమ పాదం వైపే చూస్తూ కూర్చున్నాను.

వాకిట్లో రాజయ్య మామ అప్పటికే నిప్పుకుండ పట్టడానికి తయారుగా ఉన్నాడు. నా కాళ్ల వైపు చూసి, అవ్వతో మెల్లగానే అన్నాడు. "శ్మశానం వాగు అవుతలున్నదక్కా. మంజుల ఎట్ల నడుస్తది? దారిల వడ్తె అరిష్టం."

అవ్వ నా వైపు చూసింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బిపోయింది.

"వడ్తె లేస్తది. మా బాపు తొందర లేదన్నడు" అంది.

తాడుతో కట్టిన నిప్పుకుండ నా కుడి చేతికి ఇచ్చారు. ఎడమ చేతిలో తాత కట్టె. డప్పులు మొదలయ్యాయి. నేను ముందు, నలుగురి భుజాల మీద తాత వెనక. పాదం టపటపమంటోంది. డప్పులవాళ్లు నా నడకకు తగ్గట్టు దరువు నెమ్మది చేశారు, ఎవరూ చెప్పకుండానే. అరుగుల మీది ముసలాళ్లందరూ లేచి వెనక కలిశారు. సంపత్ నన్ను పట్టుకోవడానికి పక్కనే నడుస్తున్నాడు కానీ చెయ్యి వేయలేదు. కాలనీ మలుపు, రైలు గేటు, వాగు. నేను పడలేదు.

వాగు దాటాక దింపుడు కల్లం దగ్గర పాడెను కిందికి దించారు. అక్కడ చెవిలో మూడుసార్లు పిలవాలి. పోయిన ప్రాణం ఏ మూలనైనా ఉంటే వింటుందని. రాజయ్య మామ, "తాతా అని పిలువు బిడ్డా" అన్నాడు.

కుండ సంపత్ చేతికిచ్చాను. ముందున్న దారిని చూశాను. ముందు తాను తట్టి చూడకుండా ఆయన ఏ దారిలోనూ ఎవరినీ నడవనివ్వలేదు, ఈ దారిలో ఆయన కంటే ముందు నేను నిలబడ్డాను. కట్టెతో నేలను తట్టాను. గట్టిగానే ఉంది. ఇంకో అడుగు వేసి మళ్లీ తట్టాను. వెనక ముసలాళ్లలో ఎవరో వెక్కిళ్లు పెట్టడం వినబడింది. తిరిగొచ్చి, మోకాళ్ల మీద వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను.

"తాతా, మంచిగున్నది, రా."

మూడుసార్లూ అదే పిలిచాను. తరువాత కుండ అందుకుని లేచి, ఆయనకు ముందు నడిచాను.